పదకొండు నెలల దుమ్ము

“నేను రాను. నన్ను బలవంతం చెయ్యకండి...” అంటూ ఆవిడ వంటింటి గడప దగ్గరే కూర్చుండిపోయింది.

ఎదురుగా కొడుకు నిలబడి ఉన్నాడు. చేతిలో పరిశోధన సంస్థవారు పంపిన ఉత్తరం. ఎండ నుంచి కరెంటు తీసే విద్యలో నలభై ఏళ్లు పాటుపడినందుకు తండ్రికి జీవిత సాఫల్య పురస్కారం ఇస్తున్నారు. ఆయన పోయి తొమ్మిది నెలలైంది కాబట్టి భార్య వేదిక మీదికి వచ్చి అందుకోవాలి. సభ ఇంక నాలుగు రోజుల్లోకి వచ్చేసింది.

“ఏంటమ్మా ఇది! నాన్నకు ఇంత గౌరవం జరుగుతుంటే నువ్వు ఇంట్లో కూర్చుంటావా? అక్కడ అందరూ ఏమనుకుంటారు?”

“తలనొప్పి వచ్చిందనుకుంటారు.”

“నాలుగు రోజుల ముందే వచ్చేసిందా తలనొప్పి!”

కోడలికి నవ్వొచ్చింది గానీ అత్తగారి ముఖం చూసి ఆపుకుంది. ఆ కళ్లలో నీళ్లు! “మీరు ఆఫీసుకి వెళ్లండి. అత్తయ్యతో నేను మాట్లాడతాను” అని భర్తను బయటికి పంపేసింది.

కానీ ఏం మాట్లాడుతుంది? ఆవిడ గుండెలో ముప్పై ఒక్క ఏళ్లుగా గుచ్చుకుంటున్న ముల్లు సంగతి ఎవరికి తెలుసు!

అప్పట్లో మేడ మీద నాలుగు సోలార్ ప్యానెళ్లు పెట్టారు ఆయన. మొదటిదాన్ని రోజూ నీళ్లతో కడగాలి. రెండోదాన్ని వారానికోసారి. మూడోదాన్ని నెలకోసారి. నాలుగోదాన్ని ఏడాదిపాటు ఎవరూ ముట్టుకోకూడదు! “నాలుగోది తుడవకు” అన్నారు, అంతే. ఎందుకో చెప్పలేదు. ఆయన మాటలు మొదటినుంచీ అలాగే. రోజంతటికీ కలిపి ఓ గుప్పెడు... “సరే” “చూద్దాం” “కాఫీ”. కడిగే పని ఆవిడది. మధ్యాహ్నం మీటరు సూది చూసి అంకె రాసుకునే పని ఆయనది.

పదకొండో నెల. చలికాలం. సంస్థ పెద్దలు నలుగురు ఆ పూట ప్రయోగం చూడ్డానికి వస్తున్నారని తెలిసింది. ఆవిడ తెల్లవారుతుండగా మేడెక్కి చూసింది. మూడు అద్దాలూ మెరుస్తున్నాయి, నాలుగోది మాత్రం బొగ్గు బస్తా మోసినవాడి వీపులా ఉంది! ఇంటికి పెద్దమనుషులు వస్తుంటే ఇంత మురికా? చూసినవాళ్లు ఇంటి ఇల్లాలిని కదా అనేది! ఈ ఒక్క రోజుకేమవుతుందిలే అనుకుంది. అద్దం మీద మంచు చిక్కగా పట్టి ఉంది. నీళ్లు కూడా అక్కర్లేకుండా పాత నూలుగుడ్డ పెట్టి ఆ మంచుతోనే శుభ్రంగా తుడిచేసింది. చంటిపిల్లాడికి స్నానం చేయించినంత తృప్తి కలిగింది.

పెద్దలను వెంటబెట్టుకుని మేడెక్కిన ఆయన అక్కడే కొయ్యబారిపోయారు.

“పదకొండు నెలల దుమ్ము! పదకొండు నెలల దుమ్ము తుడిచి పారేశావా! బుద్ధుందా నీకు?”

పెళ్లయ్యాక ఆయన గొంతు అంత పెద్దగా వినడం అదే మొదలు. అదీ పరాయివాళ్ల ముందు! ఆవిడ గుడ్డను గుండెలకు అదుముకుని మెట్లు దిగి వచ్చేసింది. ఆ తర్వాత పదిహేను రోజులు ఇంట్లో “కాఫీ” అన్న మాట కూడా వినపడలేదు.

పదహారో రోజున ఆయన శిష్యురాలు ఓ కవరు తెచ్చి ఇచ్చింది. “సార్ ఇది చదివి సంతకం పెట్టమన్నారమ్మా.”

చదవడం! అక్కడే ఉంది అసలు చిక్కు. పెళ్లిచూపుల్లో “మా పిల్ల ఐదో తరగతి చదివింది” అని పెద్దవాళ్లు బొంకారు. ఆవిడకు వచ్చింది ఒక్క సంతకమే. అదీ ముగ్గు నేర్చుకున్నట్టు చూసి నేర్చుకున్నదే. ఎవరేం ఇచ్చినా “కళ్లజోడు ఎక్కడ పెట్టానో” అంటూ కాలక్షేపం చేసేది. ఆ కవరులో ఏముంటుంది? తనమీద ఫిర్యాదే! ప్రయోగం పాడుచేశాను, తప్పు ఒప్పుకుంటున్నాను అని రాసి ఉంటారు... సంతకం పెడితే ఆయన ఉద్యోగానికి ఎసరొస్తుందేమో! ఆ సాయంత్రం ఆయన గుమ్మంలో నిలబడి, “సంతకం పెట్టావా?” అని అడిగారు.

“పెట్టను” అంది ఆవిడ తల ఎత్తకుండా.

ఆయన “సరే” అన్నారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. జీవితంలో మళ్లీ గొంతు కూడా పెంచలేదు. ఆవిడ ఆ కవరును కుట్టుమిషను సొరుగులో అడుగున పరిచిన కాగితం కిందికి తోసేసింది.

ఆ తర్వాత నాలుగు ప్యానెళ్లూ తెల్లవారుజామున మంచుతో తుడవమన్నారు. ఎందుకో చెప్పలేదు, ఆవిడా అడగలేదు. ఆయన పేరు మాత్రం దేశదేశాల్లో మోగిపోయింది.

“ఆయన ప్రయోగం పాడుచేసినదాన్ని నేను! నేను వెళ్లి ఆ పురస్కారం అందుకోవడమా! ఎవరైనా ఆ కాగితం సంగతి తీస్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?” అంది ఆవిడ, అంతా చెప్పేసి.

కోడలు చెయ్యి తుడుచుకుని వచ్చి పక్కన కూర్చుంది. అత్తగారికి అక్షరాలు రావని కాపురానికి వచ్చిన మూడో రోజే కనిపెట్టిన పిల్ల అది. డబ్బాల మీద ముచ్చటగా పేర్లు రాసి అంటిస్తే, అత్తగారు పంచదార అని రాసిన దాన్నిండా ఉప్పు పోసి పెట్టింది మరి! ఆ రోజు మామగారు ఉప్పు కాఫీ తాగి “చూద్దాం” అన్నారు. కోడలు ఎవరికీ చెప్పకుండా డబ్బాల మీద కాగితాలు పీకేసింది. ఆయన పోయాక ఆ ఇంట్లో గడవని మధ్యాహ్నాల్లో అదే పిల్ల అత్తగారికి ఓనమాలు దిద్దించింది.

“అత్తయ్యా, ఆ కవరు ఇప్పటికీ ఉందా?”

“ఉంది.”

“ఇప్పుడు మీకు చదవడం వచ్చుగా!”

ఆవిడ ఉలిక్కిపడింది. నిజమే! కళ్లజోడు వంక ఇక చెల్లదు... సొరుగు లాగి, కవరు తీసి, కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుంది. “నేను చదివి పెట్టనా?” అని కోడలు చెయ్యి చాపితే వద్దని తలూపింది. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ...

“స...హ... సహ ర...చ...యి...త. సహరచయిత. అంటే ఏంటే అమ్మాయ్?”

“కలిసి రాసినవాళ్లు అత్తయ్యా!”

“ఈ పరిశోధన పత్రానికి... సహరచయితగా... నా పేరు చేర్చడానికి... నాకు సమ్మతమే.” కింద సంతకానికి ఖాళీ ఉంది. ఆ కాగితానికి గుండుసూదితో గుచ్చిన చిన్న చీటీ. ఆయన చేతిరాత!

“నువ్వు మంచుతో తుడిచిన నాలుగోది, కరెంటు ఇవ్వడంలో నీళ్లతో రోజూ కడిగిన మొదటిదాన్ని దాటిపోయింది. నీళ్లు ఎండి అద్దం మీద తెల్లటి పొర కడుతోంది. మంచుకు ఆ బాధ లేదు. కనిపెట్టింది నువ్వు, నేను లెక్క కట్టానంతే. ఎందుకు తుడవకూడదో నీకు చెప్పకపోవడం నా తప్పు. అందరి ముందూ కేకలెయ్యడం అంతకంటే పెద్ద తప్పు. మన్నించగలిగితే సంతకం పెట్టు.”

ఆవిడ చీటీ చదవడం ముగించి కోడలి వైపు తిరిగింది.

“అయ్యో... మన్నించమని అడిగారే! పెట్టనన్నానే! నేను మన్నించలేదనుకుంటూనే ముప్పై ఏళ్లు నాతో కాపురం చేశారా ఆయన!”

కోడలు ఆవిడ తలను తన భుజానికి ఆనించుకుంది. చాలాసేపు ఏడవనిచ్చింది. తర్వాత మెల్లగా అంది.

“అత్తయ్యా, రోజూ మీకంటే ముందు లేచి మేడ మెట్ల మీద తుడిచే గుడ్డ మడతపెట్టి ఉంచేది ఎవరు?”

“ఆయనే.”

“రోజూ ఆ గుడ్డ తీసుకుని పైకెళ్లి తుడిచింది ఎవరు? మన్నించనివాళ్లు అన్నేళ్లు తుడుస్తారా? సూది కదలిక చూసి ఎండ ఎంతుందో చెప్పగలిగిన మనిషి ఆయన. మీ మనసు ఎటుందో ఆయనకు తెలియదనుకున్నారా?”

ఆవిడ చీటీని మళ్లీ మొదటి నుంచి చదువుకుంది. ఈసారి వేలు పెట్టకుండా.

సాయంత్రం కొడుకు ఇంటికి వచ్చేసరికి ఆవిడ చీర ఇస్త్రీ చేసుకుంటోంది.

“తలనొప్పి తగ్గిందా అమ్మా?”

“తగ్గింది. నువ్వు మొదలెట్టకు.”

సభలో హాలు నిండిపోయింది. నాడు కవరు తెచ్చిన శిష్యురాలే ఇప్పుడు ఆ సంస్థకు డైరెక్టరు. ఆమె జ్ఞాపిక చేతికందించి, రెండు మాటలు చెప్పమని కోరింది. ఆవిడ మైకు ముందు నిలబడి గొంతు సవరించుకుంది.

“మావారు నాలుగోది తుడవకు అన్నారు. ఎందుకో చెప్పలేదు. నేను తుడిచేశాను.” హాలంతా నవ్వింది. ఆవిడ ఆగింది. “తర్వాత ఆయన అంతా వివరంగా రాసి ఇచ్చారు. నాకు చదవడం రాదని నేను చెప్పలేదు. మొన్ననే చదివాను.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. మొదటి వరసలో కొడుకు తల వంచుకుని కళ్లు తుడుచుకున్నాడు.

ఆవిడ సంచిలోంచి రంగు మారిన ఆ కాగితం తీసి డైరెక్టరు ముందు పెట్టింది. “నువ్వు తెచ్చిందేనమ్మా. బాగా ఆలస్యమైంది... ఇప్పుడు పెడితే చెల్లుతుందా?”

డైరెక్టరు చదివింది. కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుంది. “సార్ మిమ్మల్ని మళ్లీ అడగొద్దన్నారమ్మా... చెల్లుతుంది. మా పత్రికలో సవరణ వేయిస్తాను. ఆ పత్రం కింద ఇకనుంచి రెండు పేర్లుంటాయి” అని తన పెన్ను అందించింది.

ఆవిడ చూసి నేర్చుకున్న ఆ పాత ముగ్గు వెయ్యలేదు. ఒక్కో అక్షరం తెలిసి, తన పేరు పూర్తిగా రాసింది.

మర్నాడు తెల్లవారుజామున ఆవిడ మేడ మెట్లెక్కబోతే, పై మెట్టు మీద గుడ్డ మడతపెట్టి ఉంది. మడత సరిగ్గా కుదరలేదు. కొడుకు పని అయ్యుంటుంది! ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని పైకి వెళ్లింది. నాలుగు అద్దాల మీదా మంచు సమంగా పట్టి ఉంది. నాలుగోదాని దగ్గర ఆగి, ఎవరో గుమ్మంలో నిలబడి అడిగినట్టు, మెల్లగా జవాబు చెప్పింది.

“పెట్టానండీ...”