పందొమ్మిదో పెట్టెలో కవరు

"చనిపోయిన ప్రొఫెసర్ మనవాడే," అన్నాడు చీఫ్, తలుపు గడియ పెట్టి. "మొక్కలు ఏరుకునే నెపంతో సరిహద్దు అవతల ఆరుగురు ఏజెంట్లను పెట్టాడు. వాళ్ల పేర్లు, అడ్రసులు ఒక కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, లక్క సీలు వేశాడు. ఆయన పోయాక కూతురు ఇంట్లో చిత్తుకాగితం కూడా మిగల్చకుండా అన్నీ యూనివర్సిటీ ఆర్కైవ్‌కి ఇచ్చేసింది. కవరున్నది పందొమ్మిదో పెట్టెలో. ఇవాళ పదింటినుంచి ఆ పెట్టెలు ఎవరడిగినా ఇస్తారు."

"మనమే అడిగి తెచ్చుకోవచ్చుగా, సార్?"

"ఫైలు కదలాలంటే పదిమంది సంతకాలు కావాలి. ఒక్కడు అమ్ముడుపోయినా చాలు." చీఫ్ గొంతు తగ్గించాడు. "ఆరుగురిలో మీ అక్క ఉంది."

ముంగిస వెనక్కి తిరిగి గడియ పెట్టిన తలుపు వైపు చూశాడు. డిపార్టుమెంటులో అందరూ అతన్ని ముంగిస అంటారు. ధైర్యం చూసి కాదు, క్షణానికోసారి వెనక్కి తిరిగి చూస్తాడని. ఏడేళ్లుగా అక్క ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలీదు. అవతలి రేవు పక్కన బట్టలు కుడుతూ యుద్ధనౌకల కబుర్లు పంపుతోందని చీఫ్ చెబితే అతనికి ఇప్పుడే తెలిసింది.

"లోపల మన డబుల్ ఏజెంట్ ఉంటుంది. ఆకుపచ్చ శాలువా. ఆ పేర్ల కోసం కాచుకున్న శత్రువుల ముఠా ఆమెనే పంపుతోంది, ఆమె మన మనిషని వాళ్లకి తెలీదు. కవరు నీ ఫోల్డర్లోకి జారుస్తుంది. బయటికి తెచ్చేది నువ్వు."

ఆర్కైవ్ గుమ్మంలోనే ముంగిస ఆయుధాలన్నీ ఊడ్చుకుపోయాయి. ఆర్కైవిస్ట్ మేడమ్ నెరిసిన జుట్టుతో, మెడలో వేలాడే కళ్లజోడుతో ఎదురొచ్చింది.

"పెన్ను లోపలికి రాదు." పెన్ పిస్టల్ లాకర్లోకి పోయింది.

"కోటు కూడా." బొత్తాం కెమెరా దాని వెంటే పోయింది.

చేతికొక పెన్సిల్ ముక్క మిగిలింది.

శాలువా ఆమె అప్పటికే పందొమ్మిదో పెట్టె ముందు కూర్చుంది. సినిమా పోస్టర్‌లోంచి దిగొచ్చినంత అందం.

"మీ పెన్సిల్ మొన విరిగిందా?" అంది.

"నాకు చెక్కడం రాదండీ," అన్నాడు ముంగిస.

కోడ్ కలిసింది. ప్రాణం కుదుటపడింది. కానీ అది నిమిషం ముచ్చటే. ఆమె కవరు పైకి తీసింది, శాలువాలోకి తోసింది, ముంగిస వంక చూసి కన్ను కొట్టి కౌంటర్ వైపు నడిచింది. కిటికీ అవతల ముఠా కారు ఇంజన్ మొదలైంది.

ఆమె ముఠాకి అమ్ముడుపోయింది. అరిస్తే పోలీసులొస్తారు, కవరు చింపుతారు, పదిమందీ చదువుతారు. అరవకపోతే అక్క రేపటికి ఉండదు.

ఆమె తిరిగిచ్చిన ఫోల్డర్‌ను మేడమ్ బుల్లి త్రాసు మీద పెట్టింది. ప్రతి ఫోల్డర్ మీదా పెన్సిల్‌తో ఒక అంకె ఉంటుంది. అది షెల్ఫ్ నంబరనుకుంటారు అందరూ. శాలువా ఆమె కూడా అలాగే అనుకుంది.

"పన్నెండు గ్రాములు తక్కువ," అంది మేడమ్. ఏదో బటన్ నొక్కింది. తలుపు టక్కున లాకైంది.

శాలువా ఆమె తొణక్కుండా కవరు తీసి కౌంటర్ మీద పెట్టింది. "అయ్యో, శాలువాకి చిక్కుకుంది మేడమ్! మంచిదే అయింది. సీలు కవర్లు మీరే తెరిచి చూపిస్తారటగా. స్లిప్పు నా పేరు మీదే ఉంది. తెరవండి, ఒక్కసారి చూసి వెళ్తాను."

మేడమ్‌కి అనుమానం లేకపోలేదు. కానీ రూలు రూలే. విసుక్కుంటూ కాగితాల చాకు తీసింది. మొన లక్క కిందికి దూరింది.

ఇలాంటి వేళకని ట్రైనింగులో పదకొండు రకాల అబద్ధాలు నేర్పారు. ముంగిసకు ఒక్కటీ గుర్తు రాలేదు.

"తెరవకండి మేడమ్!" గొంతు కీచుగా వచ్చింది. "అందులో మా అక్క పేరుంది. తను బతికే ఉంది. ఈవిడ చదివితే అక్కను చంపేస్తారు. నేను... నాకు చాలా భయంగా ఉంది."

చాకు ఆగింది.

"సొంత అక్కా?"

"నాకున్నది ఆ ఒక్క అక్కే."

"బతికున్నవాళ్ల పేరున్న వ్యక్తిగత కాగితాలకి రక్తసంబంధీకులు అభ్యంతరం చెప్పొచ్చు. దానికో ఫారం ఉంది. అది అడక్కుండా ఇంతసేపు వణుకుతూ కూర్చున్నారేంటండీ?"

శాలువా ఆమె కవరు మీదికి దూకింది. మేడమ్ అంతకంటే వేగంగా దాన్ని ఇనప బీరువాలో పడేసి తాళం తిప్పింది. "రీడింగ్ రూంలో దూకకూడదమ్మా," అని గార్డుల్ని పిలిచింది. గార్డులు ఆమె రెండు చేతులూ పట్టుకోవడం కిటికీలోంచి చూసి, కారు చెప్పాపెట్టకుండా జారుకుంది.

ముంగిస ఫారం నింపాడు. సంతకం మూడు గళ్లు దాటింది. మేడమ్ స్టాంపు కొట్టింది.

"అరవై ఏళ్లదాకా ఎవరూ తెరవరు."

"మీ మేలు జన్మలో మరిచిపోను మేడమ్," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

"మరిచిపోకండి. ఆ తర్వాత కూడా మూసి ఉంచాలంటే రెన్యూవల్‌కి మీరే స్వయంగా రావాలి. ఇంకొకర్ని పంపితే కుదరదు."