‘ఆఖరి మెట్టు’కి వచ్చిన ఒకే ఒక్క గిరాకీ

మోంమార్త్ర కొండ కింద మా వీధిలో, ఏడో నంబరు ముందు రాత్రి పదకొండు దాటాక ఎవరూ నడవరు. అటు కాలిబాట ఖాళీగా ఉన్నా, ఇటు పక్కనే ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ పోతారు. కింద నేలమాళిగలోంచి దగ్గు వినిపిస్తుంది... పాట ఎత్తుకునే ముందు గొంతు సవరించుకునే దగ్గు. ఆ తర్వాత పాట మాత్రం రాదు.

ఆ దగ్గు లియోంతీన్ గారీగ్‌ది. నేను చెప్పబోయే రాత్రికి ఆవిడ పోయి పదకొండు నెలలు.

నేను దర్జీని. ఇరవై ఏళ్ళు ఆవిడ గౌన్లు నేనే కుట్టాను. ఉత్తరాదిన ఒక బొగ్గుగనుల ఊళ్ళో పుట్టింది. పదహారో ఏటినుంచే కాఫీ హోటళ్ళలో బల్లలెక్కి పాడింది. గొంతు బాగున్నన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. సిగరెట్లతో అది కాస్తా పాడయ్యాక పేరొచ్చింది. నలభయ్యో ఏట ఆ నేలమాళిగ కొని ‘ఆఖరి మెట్టు’ అని క్లబ్బు పెట్టింది. ఆలస్యంగా వచ్చినవాడు మంత్రి అయినా సరే, పాట ఆపి మరీ కడిగేసేది. జనం తిట్లు తినడానికే ఆలస్యంగా వచ్చేవారు. నోరు చెడ్డదే గానీ, యుద్ధం రోజుల్లో ఆవిడ సూపు తాగని ఇల్లు మా వీధిలో లేదు. నాకు ఆవిడంటే ప్రాణం.

పోతూ పోతూ క్లబ్బుని పియానో వాయించే ఆన్సెల్మ్‌కి రాసిపోయింది. ఆయనకి అరవై ఏళ్ళు. పెళ్ళాం లేదు, వేరే పని రాదు. చిక్కేమిటంటే, ఏడాదిలో బయటి మనిషి ఒక్క గ్లాసైనా అక్కడ తాగకపోతే మద్యం లైసెన్సు రద్దయిపోతుంది. మళ్ళీ ఇవ్వరు. ఆవిడ మంచం పట్టిన నాడే క్లబ్బు మూతపడింది. తర్వాత ఎన్నిసార్లు తలుపు తెరిచినా, వచ్చినవాళ్ళు, నాతో సహా, దగ్గు విని పైమెట్టు మీంచే వెనక్కి పోయారు. మూతపడ్డ రోజునుంచి ఏడాది గడువు నవంబరు ముప్ఫై అర్ధరాత్రితో తీరిపోతుంది.

ఆ రాత్రి సాక్ష్యానికి ఆన్సెల్మ్ కోర్టు అమీనుని పిలిపించాడు. పేరు ప్రువో. వేరే ఊరి మనిషి, ఇలాంటి చోట్ల ఎన్నడూ అడుగు పెట్టనివాడు. సాక్షి తాగకూడదు కాబట్టి ఆయన లెక్కలోకి రాడు. ఆన్సెల్మ్ బల్లమీద వైన్ సీసా, గ్లాసులు సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు.

తొమ్మిదికి వస్తానన్న మాంసంకొట్టు బాస్తియాన్ పదకొండుకి వచ్చాడు. రెండు మెట్లు దిగాడు. కింద... ఖళ్... ఖళ్...

“అన్నా, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను,” అన్నాడు.

“నీకు పాలు పడవు కదరా!” అని అరిచాడు ఆన్సెల్మ్.

బాస్తియాన్ అప్పటికే వీధి మలుపు తిరిగాడు.

పదకొండూ ముప్పావు అయింది. ఇక ఎవరూ రారు. ఆన్సెల్మ్‌కి ఏడుపొచ్చింది. అమీను ముందు ఏడవడం ఎందుకని పియానో దగ్గర కూర్చుని ఆవిడ పాట వాయించడం మొదలుపెట్టాడు. అక్కడ వాయించేవాడి ముఖం గోడకి, వీపు బల్లలకి. వెనకాల కలం కదులుతున్న చప్పుడు... ఏదో గుసగుస... అమీను తనలో తను చదువుకుంటున్నాడనుకున్నాడు ఆన్సెల్మ్.

గడియారం పన్నెండు కొట్టింది. పియానో మూత వేశాడు.

“రాసుకోండి అమీనుగారూ... ఎవరూ రాలేదు.”

“రాకపోవడమేమిటండీ?” అమీను కళ్ళజోడు సర్దుకుని చదివాడు. “పదకొండూ యాభైకి తెర వెనకనుంచి ఒక స్త్రీ వచ్చినది. వయసు అరవై పైన. నల్ల పట్టు గౌను, ఎడమ చంక కింద కుట్టు లేదు. ఒక గ్లాసు తెల్ల వైన్ పోసుకుని, పూర్తిగా తాగినది.”

ఆన్సెల్మ్ నాకిదంతా చెబుతూ అక్కడికి వచ్చేసరికి నేను చేతిలో సూది పక్కన పెట్టేశాను. శవపేటికలో పెట్టేటప్పుడు ఆ గౌను ఆవిడకి తొడిగింది నేనే. తొందరలో చంక కింద కుట్టు వదిలేశాను. సిగ్గేసి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

“కాకపోతే ఒక ఇబ్బంది ఉంది,” అన్నాడు అమీను. “వృత్తి అడిగితే, ఈ క్లబ్బు యజమానురాలిని అంది. యజమాని తాగితే లెక్కలోకి రాదు. పేరు... లియోంతీన్ గారీగ్.”

ఆన్సెల్మ్, అమీను ఒళ్ళో ఉన్న క్లబ్బు ఫైలు వైపు వేలు చూపించాడు. అమీను కాగితాలు తిప్పాడు. వీలునామా కింద మరణ ధ్రువపత్రం ఉంది. పేరు చదివాడు. తేదీ చదివాడు... మళ్ళీ చదివాడు. ఎదురుగా ఉన్న ఖాళీ గ్లాసు వైపు చూశాడు.

“చనిపోయినవాళ్ళకి ఆస్తి ఉండదు,” అన్నాడు చివరికి, చాలా మెల్లగా. “కాబట్టి ఆవిడ యజమాని కాదు. కాబట్టి... బయటి మనిషే.”

సంతకం చేశాడు, ముద్ర వేశాడు, కాగితం ఆన్సెల్మ్ చేతిలో పెట్టాడు. టోపీ అక్కడే మర్చిపోయి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆన్సెల్మ్ ఆ కాగితాన్ని గుండెలకి అదుముకున్నాడు. వెనక్కి తిరగడానికి మాత్రం ధైర్యం చాల్లేదు. గోడకేసి చూస్తూనే పియానో మూత తీశాడు.

“అమ్మగారూ...” అన్నాడు, “ఇంకోటి వాయించనా?”

వెనకాల కుర్చీ ఒకటి, నేల మీద కిర్రుమంటూ, ముందుకి జరిగింది.