‘రెండు మోటల బావి’ ఎవరిది?

దొంగతనం జరిగింది. పోయిన సొత్తు మాత్రం పోగొట్టుకున్నవాడి పెట్టెలోనే ఉంది. ఇదెక్కడి కేసురా నాయనా అని మహబూబ్‌నగర్ టౌన్ స్టేషన్ సబ్ ఇన్‌స్పెక్టర్ అమరేందర్ తల పట్టుకున్నాడు.

1963 జూలై. గురువారం ఉదయం పది గంటలు.

టేబుల్ మీద రెండు రేడియో నాటకాల స్క్రిప్టులు. రెండింటి పేరూ ‘రెండు మోటల బావి’. కరువు కాలంలో అన్నదమ్ములిద్దరు ఒక బావిని పంచుకోబోయి కొట్టుకుంటారు. ముసలి తల్లి నడుమ నలిగిపోతుంది. కథ ఒకటే. యాస తప్ప మాటలు కూడా దాదాపు అవే.

ఒకటి తాను రాశానంటాడు వెంకటరాజం. షాద్‌నగర్ నుంచి బదిలీ మీద వచ్చిన హైస్కూలు మాస్టారు, బి.ఏ. పట్టా ఉన్నవాడు. రెండోది తాను రాశానంటాడు రఘుపతి. ఏడో తరగతితో చదువు ఆపేసి మగ్గం గుంటలో దిగిన నేతగాడు. ఇద్దరూ ఒకే పెంకుటింట్లో పక్కపక్క వాటాల్లో ఉంటారు.

మాస్టారి స్క్రిప్టు హైదరాబాదు రేడియో స్టేషన్‌కు వారం ముందు చేరింది. రఘుపతిది తర్వాత వచ్చింది. నాటకాల విభాగంవాళ్లు రెండూ పోలీసులకు పంపారు. సోమవారం స్క్రిప్టు రైటర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. నాటకం ఎవరిదైతే వాడికే పిలుపు. దొంగ అని తేలినవాడి పేరు ఇక రేడియోలో వినబడదు.

ఎదురుగా రఘుపతి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“నీ కాయితాలు ఎవరన్న ఎత్తుకపోయిన్రా?”

“లేదు సార్. అసలుది పెట్టెల వెట్టి తాళమేసిన, రేడియోకు నకలు పంపిన. తాళంచెవి నా మొలతాడుకే ఉంటది.”

“ఎవరికన్న సదివి వినిపించినవా?”

“నా భార్య ఆండాళుకు తప్ప ఎవ్వరికి చెప్పలే సార్.”

“మాస్టారుకు?”

“పోయినేడు రెండు చిన్న నాటకాలు చూపిచ్చిన. తప్పులు దిద్దిండు. రేడియోకు పంపుమని అడ్రస్ ఇచ్చింది గుడ ఆయననే. అవి రేడియోల వచ్చినంక నాతోని మాట బందువెట్టిండు. గీ నాటకం చూపియ్యలే.”

రేడియోలో వచ్చాయి. రెండు. ఆ మాట అమరేందర్‌కు మింగుడుపడలేదు.

ఎందుకంటే అమరేందర్ కూడా రాస్తాడు. డ్యూటీ దిగి, యూనిఫాం విప్పి, తలుపు గడియ పెట్టుకుని నాటకాలు రాస్తాడు. మూడు పంపాడు. మూడూ తిరిగొచ్చాయి, ‘ప్రసారానికి అనువుగా లేదు’ అన్న ఒకే ముక్కతో. ఈ సంగతి ఇంట్లోవాళ్లకు తప్ప పిట్టకు కూడా తెలియదు. ఇన్‌స్పెక్టర్ కావాలని ఆయనకు ఎన్నడూ అనిపించలేదు. రేడియోలో ‘రచన, అమరేందర్’ అని ఒక్కసారి వినబడాలి. ఆ భాగ్యం ఈ ఏడో తరగతివాడికి రెండుసార్లు దక్కిందా?

“సరే పో. ఊరు దాటొద్దు,” అన్నాడు కటువుగా.

రెండు స్క్రిప్టులూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. మాస్టారిది శుద్ధమైన పుస్తకాల భాష. రఘుపతిది ఇక్కడి పాలమూరు మాట. మాస్టారి దాంట్లో ఒక వాక్యం ఎక్కువగా ఉంది. అన్నదమ్ముల గొడవలో రెండు చోట్ల, తల్లి ఏడ్చే సీన్‌లో ఒక చోట.

‘పోగు తెగింది. కాస్త ఆగు.’

రేడియో స్టేషన్‌లో ఎవరో ఆ వాక్యం కింద ఎర్ర పెన్సిల్‌తో గీత గీసి ‘చాలా బాగుంది’ అని రాశారు. అమరేందర్‌కు కూడా ఒళ్లు జలదరించింది. అన్నదమ్ముల బంధం పోగులా తెగిపోవడం. ఇలాంటి మాట నేతగాడి స్క్రిప్టులో లేదు. అంటే అసలు రచయిత మాస్టారే. రఘుపతి దొంగ. ఈ ఆలోచన రాగానే మనసుకు ఎంత చల్లగా ఉందో, అంత సిగ్గుగానూ ఉంది.

సాయంత్రం మాస్టారి వాటాకు వెళ్లాడు.

“మీ స్క్రిప్టు ఎప్పుడు రాశారు?”

“మే సెలవుల్లోనండీ.”

“ఎక్కడ?”

“ఇక్కడే. ఈ కుర్చీలోనే.”

“రఘుపతి మీ గదిలోకి వస్తాడా?”

“ఒకప్పుడు వచ్చేవాడు. దొంగ చూపులు చూసేవాడు. పాపం అని చేరదీశాను, ఇదిగో ఫలితం. కూర్చోండి, టీ పెడతాను.”

మాస్టారు వంటగదిలో స్టవ్ వెలిగించాడు. అది బుస్సుమంటోంది. అమరేందర్ తలెత్తి చూశాడు. రెండు వాటాల మధ్య గోడ దూలం ఎత్తు వరకే ఉంది. పైన పెంకుల దాకా ఖాళీ. అవతల మగ్గం చప్పుడు. దాంతోపాటే రఘుపతి గొంతు.

కేసు నెత్తిమీద ఉన్నా చీర నేయక తప్పదు. నేస్తూ ఏదో కొత్త నాటకం పైకే చెప్పుకుంటున్నాడు. ఒకసారి ముసలమ్మ గొంతు. ఒకసారి పటేల్ గొంతు. మధ్యమధ్య ఆండాళు “ఊఁ” కొడుతోంది. ఎంత బాగా చెబుతున్నాడు వీడు అని అమరేందర్ పళ్లు కొరుక్కున్నాడు.

ఉన్నట్టుండి మగ్గం ఆగింది. గోడ అవతల రఘుపతి ముసలమ్మ గొంతుతోనే ఒక మాట అన్నాడు. కథ కూడా ఆగింది. మళ్లీ మగ్గం మొదలైంది.

అమరేందర్ జేబులోంచి పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నాడు. మాస్టారు టీ తెచ్చి ఇస్తే తాగి వచ్చేశాడు.

శుక్రవారం ఆయన ఏమీ చెయ్యలేదు. చెయ్యాల్సింది తెలుసు. చెయ్యబుద్ధి కాలేదు. సోమవారం దాకా నోరు మూసుకుంటే చాలు, రఘుపతి పేరు రేడియోలోంచి శాశ్వతంగా పోతుంది. ఎవరూ వేలెత్తి చూపరు. అన్నం సహించలేదు. రాసుకుందామని కూర్చుంటే అక్షరం రాలేదు.

శనివారం ఉదయం తొమ్మిదింటికి ముగ్గురినీ స్టేషన్‌కు పిలిపించాడు. రఘుపతి, ఆండాళు ఒక పక్క. మాస్టారు కుర్చీలో.

“మాస్టారూ, ‘పోగు తెగింది, కాస్త ఆగు’. ఈ వాక్యం మీదేనా?”

“నాదేనండీ. అన్నదమ్ముల బంధానికి ప్రతీక.”

“వాళ్లు రైతులు. ఎద్దులతో మోట తోలి నీళ్లు తోడేవాళ్లు. వాళ్ల బతుకులో తెగితే మోట తాడు, మోకు తెగాలి. మాదీ వ్యవసాయమే, నాకు తెలుసు. పోగు ఎందుకు తెగింది?”

“అది... కవిత్వమండీ.”

“సరే. మూడో సీన్‌లో తల్లి బావి దగ్గర ఒక్కతే ఏడుస్తుంది. పక్కన పురుగు కూడా లేదు. ‘కాస్త ఆగు’ అని ఎవరితో అంటోంది?”

మాస్టారు స్క్రిప్టు అందుకుని ఆ పేజీ వెతికాడు. 

ఆండాళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. “గది నాతోని అన్నడు సార్.”

“జర ఇవరంగ చెప్పమ్మా.”

“ఈన నేసుకుంట నాటకం చెప్తడు, నేను నూలు కండెలు చుట్టుకుంట ఇంటుంట. మగ్గం మీద పోగు తెగితె అతికేదాక కత ఆపుతడు. నాకేమొ ఆగది, తర్వాత ఏమాయెనని ఊఁ కొడ్త. ‘పోగు తెగింది, జర ఆగు’ అంటడు. ఏ గొంతుల ఉంటె గా గొంతులనే అంటడు, మార్చుకోడు.”

“మొన్న గోడ అవతలి నుంచి నేను విన్నది అదే,” అన్నాడు అమరేందర్. “మాస్టారూ, మీరూ గోడ ఇవతల కూర్చుని రోజూ విన్నారు. విన్నది విన్నట్టు ఎక్కించారు. ‘జర’ను ‘కాస్త’ చేశారు. నాటకం ఎక్కడ ఆగిందో, కాపురం ఎక్కడ మొదలైందో మీకు తెలియలేదు.”

వెంకటరాజం కుర్చీలోంచి లేచాడు. రఘుపతి వైపు చూడకుండా అన్నాడు:

“అక్షరాలు దిద్దింది నేను. అడ్రస్ ఇచ్చింది నేను. పదేళ్లుగా రాస్తున్నాను, రేడియోవాళ్లు ఒక్కటీ తీసుకోలేదు. వీడివి రెండు వచ్చాయి. ప్రతి రాత్రీ ఆ గొంతు వినబడేది. చెవులు మూసుకున్నా వినబడేది. ఓర్వలేకపోయానండీ. ఆ మంట మీకేం తెలుస్తుంది?”

అమరేందర్ కాగితాలు సర్దుకున్నాడు. 

“కేసు వద్దు సార్,” అన్నాడు రఘుపతి మెల్లగా. “నాకు తొవ్వ చూపిన మనిషి. నాటకం నాదని రాసియ్యున్రి, సాలు.”

ఆ మంచితనం ఇంకా ఒళ్లు మండించింది. అమరేందర్ రేడియో స్టేషన్‌కు రిపోర్టు రాశాడు. ‘నాటకకర్త రఘుపతి’ అన్న చోట కలం కాసేపు ఆగింది. తర్వాత రాసి, సంతకం పెట్టి, మనిషినిచ్చి పంపాడు.

ఉద్యోగం రఘుపతికే వచ్చింది. రెండు నెలలకు ‘రెండు మోటల బావి’ రేడియోలో వచ్చింది. ఆ సాయంత్రం అమరేందర్ బస్టాండు దగ్గర సోమన్న హోటల్లో, రేడియో పక్క బల్ల మీద కూర్చుని మొదటి నుంచి చివరి దాకా విన్నాడు. ఎక్కడైనా ఒక్క తప్పు దొరక్కపోతుందా అని చెవులు రిక్కించి విన్నాడు. తల్లి ఏడ్చే చోట హోటల్లో గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. తప్పు దొరకలేదు.

సోమన్న కళ్లు తుడుచుకుని దగ్గరికొచ్చాడు. “రాసినాయన మనూరోడేనట గద సార్? మంచిగ రాసిండా?”

“నాకంటె మంచిగ రాసిండు.”

“మీరు గుడ రాస్తరా సార్?”

అమరేందర్ చుట్టూ చూశాడు. హోటల్ నిండా మనుషులున్నారు.

“రాస్త,” అన్నాడు. “మూడు వాపసొచ్చినయ్.”