అమ్మిన ఊపిరి

పంజగుట్ట మెట్రో స్టేషన్ ఎనక సందుల ఒక తల్లీపిల్లల దవాఖాన. మూడో అంతస్తుల, అద్దాల వార్డు పక్కన ఒక చిన్న గది. పోచమ్మ పొద్దటి సంది ఆ గదిల కుర్చీకి అతుక్కోనే ఉన్నది. మనవణ్ణి ఆమె ఛాతికి ఆనిచ్చి, మీదికెళ్లి బట్టతోని గట్టిగ కట్టిన్రు. ఒంటి వేడి తగలనీకి చేసే దీన్ని కంగారూ అంటరట. పడుతున్న కంగారు చాలదన్నట్టు. నిజానికి ఇది పోచమ్మ బిడ్డ, పిల్లగాని తల్లి నవీన చెయ్యాల్సిన పని. ఆమెకు జరం దిగుతలేదు, కింది అంతస్తుల మంచం పట్టింది.

పిల్లగాడు ఏడో నెలల్నే పుట్టిండు. ఉమ్మనీరు ముందే పోతుంటె నవీన ఎవ్వలికి చెప్పకుండ ఆఫీసుకు పోయింది. కడుపులనే పిల్లగాని ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షన్ తగిలింది. అసలే అవి ఇంక పండలే. పిడికెడంత పానం.

"నడుమ నడుమ ఊపిరి తీసుకునుడు మర్చిపోతడు పెద్దమ్మా. అప్పుడు అరికాలు మీద వేలితోని ఒకటి కొట్టు, మళ్ల తీసుకుంటడు," అని సిస్టర్ ఒలీవియా చెప్పి పోయింది.

మర్చిపోవుడేంది? ఊపిరి తీసుకునుడు సుత ఒకలు యాదికి చెయ్యాల్నా? పోచమ్మకు ఒళ్లు మండింది. డాక్టర్ రాఘవేందర్‌ను అడిగితె "చూద్దాం" అంటడు. అల్లుడు సురేందర్‌ను అడిగితె ఫోన్ల తల పెడ్తడు. మొగడు పోయినప్పుడు సుత ఆమె గింత ఇసిగిపోలే.

ఆమెకు తెలిసిన మందు ఒకటే ఉన్నది. బతుకుడు కష్టమైన పిల్లను ఇంకొకలి ఒడిల ఏసి అమ్మెయ్యాలె. మళ్ల దోసెడు నూకలిచ్చి కొనుక్కోవాలె. గీ ఒడి పిల్ల కాదనుకోని సావు తొవ్వ తప్పుతది. పోచమ్మను సుత చిన్నప్పుడు అట్లనే కొన్నరు. అందుకె కొంగున నూకలు మూట కట్టుకోని వచ్చింది. ఒడి పట్టనీకి వియ్యపురాలు బుచ్చమ్మ పైకి రావాలె. వాచ్‌మెన్ ఆమెను గేటు కాడనే ఆపిండు.

"ఒక్క పాసుకు ఒక్కలే అంటుండు వదినె! నేనేమన్న సీన్మా చూడనీకి వచ్చిన్నా?" ఫోన్ల ఒర్రుతుంది బుచ్చమ్మ.

"ఆడనే కూసో. మొగోని మీద ఒర్రినంత వాచ్‌మెన్ మీద ఒర్రితె ఎప్పుడో ఇడిసిపెడ్తుండె," అని పోచమ్మ ఫోన్ బంద్ చేసింది.

బయట వాన అందుకున్నది. పగటీలే చీకటి కమ్మింది. టక్కున కరెంట్ పోయింది. గదిల లైటు, ఊపిరి చూసే మిషన్ కూత, అన్ని ఒక్కసారే బంద్. అద్దం మీద వాన చప్పుడొక్కటే. ఎక్కడ్నుంచో విరిగిన పాల వాసన.

ఛాతి మీద చిన్న ఊపిరి, వెచ్చగ. మళ్ల ఒకటి. ఆగింది...

అరికాలు మీద కొట్టింది. మొదలైంది. మళ్ల ఆగింది... కొట్టింది. లేదు... గట్టిగ కొట్టింది. సన్నగ, ఎక్కడ్నో లోపల, మొదలైంది.

"సిస్టరూ!"

ఎవ్వలు పలుకలే.

"మర్చిపోతుండా అక్కా?"

పక్క కుర్చీల ఒక ఆడామె. ఎప్పుడొచ్చిందో. ఆమె ఛాతికి సుత బట్ట కట్టి ఉన్నది. అందుల ఏం లేనట్టు వదులుగ ఏలాడుతుంది.

"నీ పిల్లగాడేడి?" అన్నది పోచమ్మ.

"పండిండు," గుసగుసగ అన్నదామె. "జర నాకియ్యి. నేను మర్వనియ్య."

పొద్దటి సంది దొరకని ఒడి పక్కనే దొరికింది. పోచమ్మ ఇంకేం ఆలోచించలే. కట్టు ఇప్పింది, పిల్లగాణ్ణి ఆ ఒడిల పెట్టింది.

"నీకమ్మిన," అన్నది.

"కొన్న."

పిల్లగాడు నిండుగ పీల్చిండు. మళ్ల పీల్చిండు. ఒక్కసారి సుత ఆగలే. పోచమ్మకు నవ్వొచ్చింది. కొంగు ముడి ఇప్పి నూకలు దోసిట్ల పోసుకున్నది.

"ఇగో, తీస్కో. నా పిల్లగాణ్ణి నాకియ్యి."

ఆమె చెయ్యి చాపలే.

"తీస్కోవే. గిది రివాజు. నూకలు తీస్కోని పిల్లగాణ్ణి ఇచ్చెయ్యాలె."

"కొన్న అన్న అక్కా... అమ్ముత అన్ననా?"

పోచమ్మ ఆమె దిక్కు వంగి చూసింది. పిల్లగాని ఈపు లేస్తుంది, దిగుతుంది. కింద ఆమె ఛాతి... కదుల్తనే లేదు.

"ఇయ్యే... ఇయ్యి నా పిల్లగాణ్ణి..."

దోసిట్ల నూకలు జారినయి. చేతులు ముందుకు చాపింది. చేతి ఏళ్లకు చల్లగ ఏదో తగిలింది...

లైట్లు ఎలిగినయి.

"పెద్దమ్మా! ఈడ నూకలెవ్వలు పోసిన్రు? చీమలు రావా?" ఒలీవియా తలుపు కాడ నిలబడి గుడ్లురుముతుంది.

పిల్లగాడు పోచమ్మ ఛాతి మీదనే ఉన్నడు. కట్టు ఎట్ల కట్టిన్రో అట్లనే ఉన్నది.

"గా ఆడామె యాడికి పోయింది?"

"ఏ ఆడామె? పొద్దటి సంది నువ్వొక్కదానివే ఉన్నవు."

పక్క కుర్చీ మీద సెలైన్ డబ్బాలు పేర్చి ఉన్నయి. వాటి మీద మందంగ దుమ్ము.

రాఘవేందర్ వచ్చి మిషన్ చూసి మొదటిసారి నవ్విండు. "ఊపిరి మర్చిపోతలేడు. మందు పనిచేస్తున్నట్టున్నది. ఇట్లనే ఉంటె మిషన్ తీసేద్దాం పెద్దమ్మా." సురేందర్ మిఠాయికి అమీర్‌పేట దిక్కు ఉరికిండు. బుచ్చమ్మ గేటు కాడ వాచ్‌మెన్‌నే పట్టుకోని సంబురంతోని ఏడ్సిందట.

"నేను అమ్మిన. ఇంక కొనలే," అని పోచమ్మ చెప్పింది. ఎవ్వలు ఇనలే. "అలిసిపోయినవు, జర కన్ను మూయి," అని ఒలీవియా తలుపు దగ్గరేసి పోయింది.

గది సప్పుడు లేకుండ అయింది. పోచమ్మ తల వంచి, పిల్లగాని ముక్కు కాడ చెవి పెట్టింది.

లోపలికి పోయే ఊపిరి మంచిగ ఇనిపించింది.

బయటికొచ్చే ఊపిరి కోసం ఆగింది...

అది చల్లగ, ఆమె మెడ ఎనక తగిలింది.