భూమేశ్‌కు ఇంకో చాయ్

శుక్రవారం కాబట్టి రాజేశానికి డ్యూటీ లేదు. డ్యూటీ లేని రోజు ఆయన నోటికి సెలవుండదు. దోహాలో, అల్ సద్ పేటలోని రెండు గదుల ఫ్లాటులో పొద్దున్నే ఫోను చెవిన పెట్టుకుని తిరుగుతూ, కొడుకు మళ్ళీ అమెరికా టీములో చేరబోతున్నాడని ఊళ్ళోవాళ్ళందరికీ చాటుతున్నాడు. వంటింట్లో భార్య గంగామణి గిన్నెకు సర్వపిండి ఒత్తుతూ వింటోంది.

భూమేశ్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. మనిషి తలుపంత ఉంటాడు. చేతిలో ఖాళీ గ్లాసు.

“అమ్మా, చాయ్ పోస్తవా?”

“ఇప్పుడే గదరా తాగినవ్!”

వాడు గ్లాసు వంక చూశాడు. అడుగున చాయ్ ఇంకా తడిగానే ఉంది. “నీ చాయ్ మంచిగుంటదని మళ్ళ అడిగిన” అంటూ నవ్వాడు. అది తెచ్చిపెట్టుకున్న నవ్వు. అమెరికా నుంచి వచ్చి నెల కాలేదు, ఇలా అడగడం ఇది మొదటిసారి కాదు.

రాజేశం ఇక్కడి కంపెనీలో క్రేన్ల మెకానిక్కుగా చేరి ఫోర్‌మన్ అయ్యాడు. చమురు డబ్బుతో, గ్యాసు డబ్బుతో దోహా ఇసుకలోంచి పైకి లేస్తున్న కాలం అది. కొడుకును అమెరికన్ స్కూల్లో చదివించే ఖర్చు కూడా కంపెనీయే పెట్టుకుంది. అక్కడి ఆటల మాస్టరు వీడి తొడల బలం చూసి, కోడిగుడ్డు ఆకారంలో ఉండే ఓ బంతి చేతికిచ్చాడు. ఆ బంతే వాణ్ణి అమెరికాలో కాలేజీకి, కాలేజీ అయ్యాక జీతమిచ్చే టీముకు తీసుకెళ్ళింది. భూమేశ్ అనడానికి నోరు తిరగక అక్కడివాళ్ళు ‘బూమ్’ అన్నారు. స్టేడియమంతా బూమ్ బూమ్ అని అరుస్తుంటే రాజేశం ఇక్కడ సోఫా మీద ఎగిరేవాడు.

అమెరికన్ ఫుట్‌బాల్ అనే ఆ ఆటలో వాడి పని పేరు రన్నింగ్ బ్యాక్. రాజేశంతో పాటు జగిత్యాల నుంచి వచ్చిన స్నేహితుడు ముజఫ్ఫర్ అలీకి ఆ పేరు భలే నచ్చింది. “వెనకకు ఉరుకుడా భాయ్? దానికి గూడ పైసలు, ఫులూస్ ఇస్తరా?” అని ఆటపట్టించేవాడు. రాజేశం ఉండబట్టలేక కొడుకునే అడిగాడు.

“వెనకకు కాదు బాపూ, ముంగటికే. బంతి చంకల పెట్టుకొని, అడ్డమొచ్చినోళ్ళ నడుమకెల్లి దూసుకపోవుడు.”

“మరి బ్యాక్ అని ఎందుకన్నర్రా?”

వెనక నిలబడి మొదలుపెడతారు కాబట్టి అన్నాడు వాడు. ఆ జవాబు రాజేశానికీ రుచించలేదు, ముజఫ్ఫర్‌కూ రుచించలేదు.

బంతి పట్టిన ప్రతిసారీ ఎడ్లలాంటివాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి మీద పడతారు. రాజేశం కళ్ళు బంతి మీద ఉండేవి. గంగామణి మాత్రం బంతి ఎటు పోయిందో ఎన్నడూ చూడలేదు. ఆ కుప్ప కింద పడిన తన కొడుకు లేచాడా లేదా అన్నదే చూసేది. ఆ పనికి ఆయుష్షు తక్కువ. రెండు సీజన్లకే మోకాలు పోయింది, టీము వద్దంది. ఇరవై ఆరేళ్ళకే ముసలి ఆటగాడై అమ్మ దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు మోకాలు మానిందని విని, ఇంకో టీము తమ దగ్గరికొచ్చి పరుగెత్తి చూపించమంది.

“యల్లా, జల్ది చెప్పు, ఏ దినానికి టికెట్ తియ్యాలెరా?” అన్నాడు రాజేశం ముందు గదిలోంచి.

గంగామణి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది, వెనకాలే భూమేశ్ వచ్చాడు. “తియ్యకు. వాడు పోడు.”

“ఏందే, నీకేమన్న అయ్యిందా? ఇంటికొచ్చిన లచ్చిమిని కాలదన్నుతరా?”

“నాకు గాదు, వానికైంది. తాగిన చాయ్ యాదికుంటలేదు. నిన్న మన సందు మలుపుల, రొట్టెల దుకాణం కాడ నిలవడి ఇల్లు ఎటు అని నాకు ఫోన్ చేసిండు.”

రాజేశం కొడుకు వైపు తిరిగాడు. “నిజమేనారా?”

భూమేశ్ తల దించుకున్నాడు. “తలకాయకు దెబ్బలు తాకినయ్ బాపూ. శానసార్లు. లేచినంక ఎటు ఉరకాల్నో సమజ్ కాకపోతుండె.”

“డాక్టర్‌కు చెప్పినవా?”

“చెప్తే ఆడనిస్తరా? మంచిగున్న అన్న.”

“తలకాయ దెబ్బ దాస్తరారా ఎవడన్న! బుద్ధుందా నీకు? ఎవడు నేర్పిండ్రా గిది?”

“నువ్వే బాపూ.”

వాడి గొంతులో కోపం లేదు. చిన్నప్పటి సంగతేదో చెబుతున్నట్టు చెప్పాడు.

“కంపెనీ మెడికల్ టెస్టు ఉన్నదంటే అమ్మ నీ నడుముకు ఉప్పు కాపడం పెడ్తుండె. నువ్వు పండ్లు కొరుక్కుంట పంటుంటివి. తెల్లారి డాక్టర్ ముంగట నిటారుగ నిలవడి ‘మాఫీ ముష్కిల్’, ఏం తక్లీఫ్ లేదు అని చెప్పి వస్తుంటివి. నొప్పి చెప్పినోన్ని ఇంటికి తోల్తర్రా అని నాతోని అంటుంటివి. నేను గూడ ఆడ గదే అన్న.”

రాజేశం సోఫా అంచు పట్టుకుని కూర్చున్నాడు. చొక్కా కింద నడుము పట్టీ బిగిసింది. అలాంటిదొకటి ఉందని ముజఫ్ఫర్‌కు కూడా తెలియదు.

గంగామణి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉప్పు వేయించి మూట కట్టిన చేతులు తనవే. మొగుడి డ్యూటీని కాపాడుతున్నాననుకుందే గాని, పక్కన కూర్చున్న కొడుకు ఏం నేర్చుకుంటున్నాడో చూడలేదు. ఆయన్ను ఏమని నిందిస్తుంది?

అంతలో బెల్లు మోగింది. ముజఫ్ఫర్ అలీ ఖర్జూరాల డబ్బాతో లోపలికి వచ్చాడు. “ఎక్కడున్నడు మన బూమ్? ఎన్నడు పోతున్నడు?”

రాజేశం నడుము మీద చెయ్యి వేసుకుని, “అబ్బా” అని మూలుగుతూ లేచాడు. స్నేహితుడి ముందు ఆయన అలా లేవడం అదే మొదలు.

“పోడు భాయ్.”

“అరె, ఎందుకు?”

“రన్నింగ్ బ్యాక్ అంటే ఏంది, ఏంది అని ఇన్నేండ్లు నా పానం తింటివి గదా. ఇప్పుడు సమజైంది. ఉరికి ఉరికి వాపస్ వచ్చుడు. మావోడు వచ్చిండు.”

ముజఫ్ఫర్ నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయాడు.

“రేపు ఇద్దరం దవాఖానకు పోతం,” అన్నాడు రాజేశం. “వాని తలకాయ, నా నడుము, రెండూ చూపిచ్చుకుంటం. ఉన్నదున్నట్టు చెప్తం. కంపెనీ తోలితే తోలనీ.”

గంగామణి కళ్ళు తుడుచుకుని అందరికీ సర్వపిండి పెట్టింది. భూమేశ్ తన గ్లాసు వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. ఈసారి నవ్వలేదు.

“అమ్మా, నేను చాయ్ తాగిన్నా? నాకు యాదికి లేదు.”

ఆమెకు ఏడుపు ఆగలేదు. “తాగినవ్ బిడ్డా,” అంటూనే గ్లాసు అందుకుంది. “అయితే ఏంది, ఇంకోటి తాగు.”