కోడ్ విప్పేదాకా

ఆమె నాతో అన్న మొదటి మాట, "బయటికి నడవండి."

ల్యాబ్‌లో అది నా మొదటి రోజు. తలుపు తట్టి, పళ్ళికిలించుకుంటూ లోపలికి అడుగు పెట్టబోయాను. ఆమె ముందు బల్ల మీద ఒక తెల్ల ఎలుక, దాని మోకాలి కింద వెంట్రుకంత సూది, సూదికి సన్నటి వైరు. అంతే, తలుపు నా ముక్కుకి తగిలేంత దగ్గరగా మూసుకుంది.

ల్యాబ్ నడిపే మా మేడమ్ నవ్వి సంగతి చెప్పారు. కాలి నరం దెబ్బతిని ఎన్నాళ్ళుగానో నొప్పి పడుతున్న ఎలుకలు ఇరవై నాలుగు. నన్ను బయటికి పంపిన ఆమె అన్నింటికీ సూదులు పెడుతుంది, కానీ సగం ఎలుకలకే సూదిలోంచి చిన్నపాటి కరెంటు వెళ్తుంది. దాంతో నొప్పి తగ్గుతుందేమో చూడాలి. నేను పక్క గదిలో నైలాన్ పోగుతో వాటి అరికాలిని తాకి, ఎంత ఒత్తిడికి కాలు వెనక్కి లాక్కుంటాయో రాయాలి. దేనికి కరెంటు వెళ్ళిందో నాకు తెలియకూడదు. తెలిస్తే నా చెయ్యే పక్షపాతం చూపిస్తుంది. ఎలుకలకి నంబర్లే ఉంటాయి; ఏ నంబరుకి కరెంటో చెప్పే కోడ్ ఆరు వారాలయ్యాకే విప్పుతారు.

రూలు బాగానే ఉంది. కానీ ఎలుకల గురించి మాట్లాడొద్దంటే ఆమె అసలు మాట్లాడటమే మానేసింది. కారిడార్‌లో ఎదురైతే గోడవైపు తిరిగేది. కాఫీ మెషిన్ దగ్గర నన్ను చూస్తే సగం నిండిన కప్పుతోనే మాయమయ్యేది. నేనేమో ఆ జడకీ, గోడ అవతల ప్రతి ఎలుకనీ "ఇంకొక్క నిమిషంరా బంగారం" అని బుజ్జగించే ఆ గొంతుకీ పూర్తిగా పడిపోయాను.

నాలుగో వారానికి ఇక నా వల్ల కాలేదు. వేరే ల్యాబ్‌కి మార్చమని మేడమ్‌కి ఉత్తరం ఇచ్చాను. పది నిమిషాల్లో ఆమె నా గది గుమ్మంలో ఉంది, అటు తిరిగి.

"వెళ్ళిపోతున్నారటగా?"

"మీకు ప్రశాంతంగా ఉంటుందని."

"మధ్యలో కొలిచే చెయ్యి మారితే ఈ లెక్కలేవీ పనికిరావు. నా మూడేళ్ళ కష్టం మళ్ళీ మొదటికొస్తుంది. తెలుసా?"

"తెలుసు. కానీ మీకు నేనంటే పడదు కదా."

"ఎవరు చెప్పారు?"

"మీ వీపు."

ఆమె భుజాలు కదిలాయి. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

"నా మొహంలో ఏదీ దాగదండీ. చిన్నప్పుడు పేకాటలో కూడా నన్నెవరూ జట్టులో చేర్చుకునేవాళ్ళు కాదు. మీరు ఎలుకని చేతిలోకి తీసుకుంటే చాలు, దానికి కరెంటు వెళ్ళిందో లేదో నా కళ్ళే చెప్పేస్తాయి."

"అదొక్కటేనా?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంకోటి కూడా ఉంది. అదీ దాగదు. రెండు వారాలు ఆగలేరా?"

పరుగున వెళ్ళి మేడమ్‌ని ఉత్తరం తిరిగివ్వమన్నాను. ఆవిడ అప్పటికే దాన్ని కాఫీ కప్పు కింద వేసుకున్నారు.

ఆ రెండు వారాలు నా కాళ్ళు నేల మీద నిలవలేదు, చెయ్యి మాత్రం వణకలేదు. అంత జాగ్రత్తగా నేను జీవితంలో ఏ పనీ చెయ్యలేదు.

కోడ్ విప్పిన రోజు మేడమ్ నంబర్లు చదువుతుంటే నేను స్క్రీన్ మీద చుక్కలు పెట్టాను. ఎంత ఒత్తిడి ఓర్చుకున్నాయో చూపే గీతల్లో, కరెంటు లేని ఎలుకలది కిందే పాకుతోంది. కరెంటు వెళ్ళినవాటి గీత వారం వారం పైకెక్కుతోంది. నా గుండె కూడా దాంతోపాటే ఎక్కింది.

అప్పుడే, ఇంకా అటు తిరిగే నిలబడ్డ ఆమె ఫోన్ మోగింది. చేతికి గ్లవ్స్ ఉన్నాయని మోచేత్తో స్పీకర్ నొక్కింది.

"అమ్మా, బాగా వచ్చింది. నొప్పి తగ్గింది."

"సంతోషం. ఎలుకల సంగతి సరే, ఆ అబ్బాయికి చెప్పావా లేదా? రోజూ నా ప్రాణం తోడేస్తున్నావు."

మేడమ్‌కి ఉన్నట్టుండి పక్క గదిలో ఏదో ఫైలు గుర్తొచ్చింది.

"ఇంకా చెప్పలేదండీ," అన్నాను నేను.

"నువ్వేనా బాబూ?"

"నేనేనండీ."

"అయితే పెట్టేస్తున్నాను. అది చెప్పాక నువ్వే నాకు ఫోన్ చెయ్యి."

ఆమె నావైపు తిరిగింది. మాస్క్ కిందికి లాగింది.

"వినండి. ఒక్కసారే చెప్తాను," అంది.

రెండుసార్లు చెప్పింది.