మూత లోపలి షీటు

మిమ్మల్నే అంటున్నాను. పక్కవాడి వస్తువు తీసుకుని, "మళ్ళీ పెట్టేస్తాంలే, వాడికి తెలియను కూడా తెలియదు" అని మీకు మీరే సర్దిచెప్పుకుంటారే, మిమ్మల్నే. దొంగతనమంటే గోడ దూకడమే అనుకుంటారు మీరు. మీరు తిరిగి పెట్టేలోగా అవతల ఏం జరుగుతుందో ఒక్కసారైనా ఆలోచించారా? ఈ ఫ్రిజ్ మెకానిక్ ఆలోచించలేదు.

అతను చెడ్డవాడు కాదు. పని తెలిసినవాడు. ఇంటి ముందుగదే అతని షాపు. మూలన విప్పిన కంప్రెసర్లు, గోడవారగా గ్యాస్ సిలిండర్లు, ఎప్పుడూ నూనె వాసన. వాటి మధ్యనే, తీరిక దొరికినప్పుడల్లా, ఒక వీడియోగేమ్ పెట్టె కడుతున్నాడు. వెనకట ఆటల షాపుల్లో ఉండేది చూడండి, నిలబడి ఆడే నిలువెత్తు పెట్టె, అది. హాస్టల్లో చదువుకుంటున్న కూతురు సెలవులకు వచ్చేసరికి సిద్ధంగా ఉంచాలని అతని పట్టుదల. ప్లైవుడ్ కోశాడు, పాత టీవీ బిగించాడు, బటన్లు కూర్చాడు. మిగిలింది నుదుటి పలక ఒక్కటే. పెట్టె పైభాగాన, వెనక లైటుతో ఆట పేరు మెరిసే పలక. దానికి బొమ్మ కూతురే వేసి పంపింది. నల్లటి ఆకాశం, ఎగిరే ఓడలు, కింద "చుక్కల వేట" అని పసుపుపచ్చ అక్షరాలు. ఆ బొమ్మను ముందొకటి వెనకొకటి తేటగా కనపడే పలుచటి షీట్ల మధ్య నొక్కి, గాడిలోకి దించాలి.

అక్కడే వచ్చింది తంటా. అద్దం పెట్టి చూస్తే మందం ఎక్కువై గాడిలో పట్టలేదు. ఫైళ్ళకు వేసే ప్లాస్టిక్ లైటు వేడికి అలలు తేలింది. చివరికి యాక్రిలిక్ షీటు కొనుక్కొచ్చాడు. వెనక ముక్క బాగానే తెగింది. ముందు ముక్క కోస్తుంటే పటుక్కుమని మధ్యకు చిట్లింది.

"నన్ను పెళ్ళికూతుర్ని చేసినప్పుడు కూడా ఇంత ముస్తాబు చెయ్యలేదు ఎవరూ," అంది భార్య, టీ గ్లాసు బల్ల మీద పెడుతూ.

"మొహం బాగుంటేనే కదే, ఆట మీద మనసు పోయేది!"

"రేపు పిల్ల వస్తోంది. మొహం లేకపోయినా అదేం అలగదులే. లే, తిందువుగాని."

అతను లేవలేదు. అతని చూపు గోడవారన ఉన్న ఇంకో పెట్టె మీద పడింది.

అది శవాలను ఉంచే ఫ్రీజర్ పెట్టె. అద్దెకిచ్చే పెట్టెలాయన మోటారు రిపేరుకని దింపి వెళ్ళాడు. రిపేరు పూర్తయింది కూడా. దాని మూతకు రెండు పొరలుంటాయి. లోపలి చలీ బయటి వేడీ ఒకదానికొకటి తగలకుండా, మధ్యలో కాస్త ఖాళీ. ఆ ఖాళీ లేకపోతే మూతకు ఆవిరి పట్టి లోపలి మనిషి కనపడదు. ఈ సంగతి అతనికి తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుస్తుంది?

లోపలి పొర పలుచగా, నీళ్ళలా తేటగా ఉంది. స్క్రూలు విప్పాడు. కోశాడు. గీత కూడా పడలేదు. గాడిలోకి పోతపోసినట్టు దిగింది. రేపు బజారు నుంచి కొత్తది తెచ్చి మూతకు బిగిస్తే సరి అనుకున్నాడు.

దీపాలు పెట్టే వేళకి బయట వ్యాను ఆగింది.

"పెట్టె అయిందా బాసూ? అర్జెంటు," అన్నాడు పెట్టెలాయన. "ఓ పెద్దావిడ పోయింది. అంటుకునే జబ్బట. మూత తియ్యకుండా ఆసుపత్రివాళ్ళు సీలు వేసేస్తారు. కూతురు ఎక్కణ్ణుంచో రావాలి."

నోరు తెరిచి "ఆగు" అంటే సరిపోయేది. కానీ సిగ్గు అడ్డొచ్చింది. పెట్టె వ్యాను ఎక్కింది.

పొద్దున్నే ఫోను. "ఓసారి రా బాసూ. మూతంతా పొగమంచే."

వెళ్ళాడు. జనం గోడలకు ఆనుకుని నిలబడి ఉన్నారు. మోటారు ఒకటే రొద. మూత పాలు పోసినట్టు తెల్లగా ఉంది. సంచీ భుజాన్నుంచి దించనైనా దించకుండా ఒకావిడ మూతకు మొహం ఆనించి చూస్తోంది.

"కొంచెం తుడవండన్నా... అమ్మ కనపడట్లేదు."

ఆవిరి ఉన్నది లోపలి వైపు. అది తెలిసీ అతను గుడ్డ తీసి పైన తుడిచాడు. ఆవిడ కళ్ళ ముందే, శ్రద్ధగా, మూలమూలలా తుడిచాడు.

"ఎండకి అలా పడుతుందమ్మా. కాసేపట్లో తగ్గిపోతుంది."

తగ్గలేదు. పెట్టెను అలాగే శ్మశానానికి తీసుకుపోయారు.

మధ్యాహ్నం షాపుకు వచ్చాడు. పలక అంచుల్లోంచి వెలుతురు కారుతోందో లేదో చూడాలంటే చీకటి కావాలి. షట్టరు దించాడు. పట్టపగలే గది గుహలా అయింది. బయటి ఎండ షట్టరు కింద సన్నటి గీతలా మిగిలింది. లైటు వేశాడు.

పలక వెలిగింది. ఎంత బాగుందో! పొద్దుటి నుంచి ఉన్న బరువు కాస్త దిగినట్టయింది అతనికి.

అప్పుడు ఒక మూల తెల్లబడింది.

వేలితో తుడిచాడు. పోలేదు. ఆ తెలుపు షీటుకీ బొమ్మకీ మధ్యన ఉంది. ఊడదీసి చూశాడు. పొడిగానే ఉంది. మళ్ళీ బిగించాడు. ఈసారి ఓడలు మసకబారాయి. అక్షరాలు పోయాయి. పలకంతా తెలుపు.

నూనె వాసన లేదు. ఆసుపత్రి మందు వాసన... దాని కింద ఇంకేదో, తియ్యగా. గదిలో సన్నగా మోటారు రొద. షాపులో ఏ మోటారూ ప్లగ్గులో లేదు.

స్విచ్చి ఆపాడు. లైటు ఆరలేదు.

తెలుపు మధ్యలో అరచేతి మేర ఒక చోట తేటపడింది. ఎవరో తుడిచినట్టు. లోపలి నుంచి. మెల్లగా... గుండ్రంగా...

"కనపడట్లేదు..."

గొంతు చెవిలో కాదు. షీటులోంచి.

"కొంచెం తుడువు నాయనా..."

అతను చొక్కా అంచుతో పైన తుడిచాడు. తుడుస్తూనే ఉన్నాడు. పొద్దున తుడిచినట్టే.

"పిల్ల వచ్చిందా?"

షట్టరు దడదడలాడింది.

"నాన్నా! నేనొచ్చాను! తలుపెయ్యడమేంటి పట్టపగలు?"

పలకలోని రొద ఆగింది. ఊపిరి బిగబట్టినట్టు.

"వచ్చింది..." అంది ఆ గొంతు.

"తియ్యకే! నువ్వు లోపలికి రాకు!" అని అరవబోయాడు. బయటకు వచ్చింది గుసగుసే. బయటి నుంచి భార్య నవ్వుతూ షట్టరు పైకి లాగింది. ఎండ లోపలికి పడింది. కూతురు గబగబా వచ్చి పెట్టె ముందు నిలబడింది.

"అబ్బ, నా బొమ్మ! ఎంత బాగా వచ్చిందమ్మా!"

టిక్కుమని లైటు ఆరింది. పలక తేటగా ఉంది. చుక్క ఆవిరి లేదు. అతను కూతురి వైపు తిరిగాడు.

జడ కనపడింది. చెవి రింగులు కనపడ్డాయి. మొహం ఉండవలసిన చోట తెల్లటి ఆవిరి.

ఆ షీటును ఆ సాయంత్రమే తగలబెట్టాడు. పోయిన పెద్దావిడ కూతురి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి నిజం చెప్పాడు. ఆవిడ అంతా విని, తలుపు వేసుకుంది. డాక్టర్లు అతని కళ్ళు నిక్షేపంగా ఉన్నాయన్నారు. నిజమే, సన్నటి స్క్రూ మీద మరలు కూడా లెక్కపెడతాడు. భార్య మొహం కనపడుతుంది, దారిన పోయేవాళ్ళ మొహాలు కనపడతాయి. కన్నకూతురి మొహం మాత్రం ఎదుటా లేదు, ఫొటోలోనూ లేదు. పిల్ల పెద్దదైంది, ఎలా ఉందో అతనికి తెలియదు. ఎవరిలా ఉందని భార్యనే అడుగుతాడు. ఆమె చెబుతుంది, చెబుతూ కళ్ళు తుడుచుకుంటుంది.

అదీ అతను చెల్లించిన మూల్యం. అదైనా అక్కడితో ఆగితే బాగుండేది.

కూతురు ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నప్పుడు, ఒక్కోసారి, ఆ ఆవిరి అరచేతి మేర తేటపడుతుంది. లోపలి నుంచి. అందులో ఒక కన్ను. ముడతలు పడ్డ రెప్పలు. అది అతన్ని చూడదు. అతని భుజం మీదుగా, వీధి తలుపు వైపు చూస్తుంటుంది.